రెండు ఎర్ర అతుకులు

"ఈ పొద్దు అక్కడ అంతా బాగుంటే, ఇంగ మా అమ్మ విషయంగా నాకు ఫోన్ చేయొద్దు మామా" అని భవ్య కారులోనే తేల్చి చెప్పింది.

నారాయణప్ప సరేనన్నాడు. అనక చేసేదేముంది? అక్కను ఆ వృద్ధుల హోమ్ నుంచి బయటికి తేవాలంటే సంతకం కూతురిది కావాలి. ఏడో తరగతిలో బడి మాని మగ్గం గుంటలో దిగినవాడి మాట ఎవరికి పనికొస్తుంది?

అక్క సరోజమ్మకు పక్షవాతం వచ్చి మాట పోయింది. కుడి పక్క పడిపోయింది. దేవనహళ్ళి దారిలోని హోమ్‌లో చేర్చి నాలుగు నెలలయింది. రోజూ పొద్దున భవ్య ఫోన్‌కు ఫొటో వస్తుంది. తెల్ల దుప్పటి మీద అమ్మ, కింద 'దుప్పటి మార్చాము' అని పచ్చ టిక్కు. ఆదివారం చూడబోతే పౌడరు పూసి, చక్రాల కుర్చీలో కింది హాల్లోకి తెస్తారు. పైకి మాత్రం ఎవరినీ పోనివ్వరు. పోయిన ఆదివారం ఆ పౌడరు కింద నుంచి కుళ్ళు వాసన తగిలింది నారాయణప్పకు. అందుకే ఈ మంగళవారం చెప్పాపెట్టకుండా మేనకోడలిని లాక్కొచ్చాడు.

మేనేజర్ అమరనాథ్ నవ్వుతూ ఇరవై నిమిషాలు హాల్లోనే కూర్చోబెట్టాడు. గోడ మీది వంటల పట్టిక చూసి భవ్య మురిసిపోయింది. "వారానికి ఏడు కూరలు మామా. గురువారం బీట్‌రూట్ పల్యమంట. ఇంట్లో నేనైనా ఇంత పద్ధతిగా వండను."

పైకి పోయేసరికి గదంతా అగరొత్తుల వాసన. సరోజమ్మ మీద గొంతు దాకా కొత్త రగ్గు కప్పి ఉంది. ఆయా మార్త తల వంచుకుని మూలన నిలబడింది.

"నీట్‌గానే ఉంది కదా మామా?"

"ఒకసారి పక్కకు తిప్పి వీపు చూపించండప్పా" అన్నాడు నారాయణప్ప.

"బీపీ హై ఉండాది సార్. కదిలించొద్దని డాక్టర్ స్ట్రిక్ట్‌గా చెప్పినాడు. ఏమన్నా అయితే మీదే రెస్పాన్సిబిలిటీ" అన్నాడు వెంట వచ్చిన అమరనాథ్.

ఆ మాటతో భవ్య వెనక్కి తగ్గింది. "వద్దులే మామా, పోదాం పా" అంటూ బ్యాగు భుజానికి తగిలించుకుంది.

అయిపోయింది అనుకున్నాడు నారాయణప్ప. అక్క కళ్ళలోకి చూడలేక చూపు తిప్పుకున్నాడు. గోడ వైపున, రగ్గు కింద అక్క ఎడమ చెయ్యి మెదులుతోంది. వంగి రగ్గు ఎత్తాడు. కింద పరిచిన తెల్ల దుప్పటి అంచు చీకిపోయి పోగులు వేలాడుతున్నాయి. ఆ పోగులు రెండేసి కలిపి పురి తిప్పి ఉన్నాయి.

అచ్చు అతకడం! మగ్గం మీద అయిపోవచ్చిన పాత పడుగు పోగు కొసకు కొత్త పోగు కొస చేర్చి, వేలికి బూడిద అద్దుకుని పురి తిప్పే పని. కబ్బన్‌పేట మగ్గాల దగ్గర ముప్పై ఏళ్ళు అక్క చేసిందదే. ముడి ఉండదు. నీళ్ళలో వేస్తే విడిపోతుంది. లెక్కపెట్టాడు. పన్నెండు.

"ఈ దుప్పటి ఉతికి పన్నెండు రోజులైంది పాపా. దినానికొకటి అతికింది మీయమ్మ."

అమరనాథ్ పకపక నవ్వాడు. "పెద్దవాళ్ళ పిచ్చి చేష్టలప్పా ఇవి. ఒక్క గంటలో పన్నెండూ చేసుండొచ్చు. మార్తా, ఆ బెడ్‌షీట్ తీసెయ్, మురికి."

మార్త కదిలింది. నారాయణప్ప దుప్పటి అంచు పిడికిట్లో బిగించి మంచం మీద కూర్చున్నాడు.

"తాకొద్దు. పాపా, బూడిద లేక మీయమ్మ కంచంలోది అద్దింది. రంగులు చూడు. ఇది పసుపు, పప్పు. ఇది ఆకుకూర. ఈ ఎరుపు?"

భవ్య వంగింది. మొదటి అతుకు ఎరుపు. ఆపైన ఆరు వేరే రంగులు. ఎనిమిదోది మళ్ళీ ఎరుపు.

"బీట్‌రూట్" అంది మెల్లగా. గురువారం నుంచి గురువారం. ఫోన్ తీసి చూసుకుంది. పన్నెండు రోజులకు పన్నెండు పచ్చ టిక్కులు. ఫోన్ బ్యాగులో పడేసి ఆయా వైపు తిరిగింది.

"అమ్మను తిప్పండి మార్తా."

"మేడమ్, డాక్టర్..."

"మీతో మాట్లాడలేదు నేను."

మార్త అమరనాథ్ వైపు చూడలేదు. "ముప్పై మందికి ఇద్దరం ఉండాము మేడమ్" అని గొణిగి, సరోజమ్మ నడుము కింద చేతులు వేసింది. నడుము దిగువన అరచేయంత పుండు. దుప్పటి దానికే అంటుకుపోయి ఉంది. సరోజమ్మ గొంతులోంచి వచ్చింది ఏడుపో మూలుగో తెలియలేదు.

భవ్య నిలబడే సంతకం పెట్టింది. అంబులెన్స్ వచ్చాక, ఆ దుప్పటితోనే సరోజమ్మను ఎత్తుతుంటే, బెడ్‌షీట్ హోమ్‌దని అమరనాథ్ అడ్డొచ్చాడు.

"ఇంకో ఫొటో తీసి పంపప్పా" అన్నాడు నారాయణప్ప. "మార్చినామని టిక్కు పెట్టి."

అంబులెన్స్‌లో అక్క పక్కన కూర్చున్నాక గుర్తొచ్చింది. రెండు ఆదివారాల కిందట హాల్లో అక్క అతని పంచె అంచు పట్టుకుని వేళ్ళతో తెగ నలిపింది. "ఇంకా మగ్గం మీదే ఉండావా అక్కా?" అని నవ్వి, ఆ చేతిని తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఇప్పుడా చెయ్యి మళ్ళీ దుప్పటి అంచు వెతుక్కుంది. రెండు పోగులు దొరకబుచ్చుకుంది.

"చూసినాను అక్కా. ఇంగ చాలు" అన్నాడు.

ఆ వేళ్ళు ఆగలేదు.