లైన్లో ఇంకెవరో ఉన్నారు

లైనమ్మ నోట్లో నువ్వుగింజ నానదట!

ఈ మాట దారిన పోయే మనిషెవరైనా అని ఉంటే లైనమ్మ చీపురు తిరగేసి బదులు చెప్పి ఊరుకునేది. అన్నది పొడుగమ్మాయి. కూతురితో పాటు పార్సిళ్ళ గోడౌన్‌లో పనిచేసే పిల్ల. మొన్నమొన్నటి దాకా ఇదే ఇంట్లో, వంటగట్టు కింద పీట వేసుకుని కూర్చుని, "పిన్నీ, మీ చేతి టీ పడితేగానీ ప్రాణం లేచిరాదు" అంటూ గ్లాసు ముందుకు జరిపిన పిల్ల. ఇవాళ గుమ్మంలోనే నిలబడింది, చెప్పులు కూడా విప్పలేదు.

"మా మాటలు గోడౌన్ వాళ్ళకు ఇంకెవరు చెప్తారు పిన్నీ? మీ అమ్మాయితో కలిపి మేం ఐదుగురం. ఐదుగురినీ ఒక్క రోజే పీకేశారు. మాలో ఎవరైనా చెప్పుకుంటే తన పొట్ట తనే కొట్టుకున్నట్టు కదా! మేం మాట్లాడుకున్నప్పుడు ఈ వంటింట్లో ఉన్న ఆరో మనిషి మీరే. పొద్దున్నే కూరల బండి దగ్గర లోకం కబుర్లన్నీ చెప్పేది కూడా మీరే. ఏదో మాటల్లో జారిపోయి ఉంటుంది. కావాలని చేశారని నేననను."

"కావాలని చేశానన్నా నయమే!" లైనమ్మ గయ్యిమని లేచింది. "దొంగంటే పడతానే అమ్మాయ్. వాగుడుకాయంటే మాత్రం పడను. నేను ఏ పని చేసి రిటైరయ్యానో తెలుసా నీకు?"

పొడుగమ్మాయికి తెలియదు. తెలుసుకునే ఓపిక కూడా లేదు. విసవిసా వెళ్ళిపోయింది. అది పోతే పోయింది. లోపల, ఫ్రిజ్ పక్కన గోడకు చేరబడి, కన్నకూతురు నేలచూపులు చూస్తోంది. "మా అమ్మ అలాంటిది కాదు" అని ఒక్క ముక్క అనలేదు.

అసలు ఆమెకు ఆ పేరెందుకొచ్చిందో ఈ కాలప్పిల్లలకు తెలిస్తేగా! సెల్‌ఫోన్లు లేని రోజుల్లో ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. ఊళ్ళో ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆమె చేతిలోని తీగ ఎదురుగా బోర్డు మీదున్న కన్నంలో పడాల్సిందే. ఇద్దరి గొంతులూ కలిశాయనుకున్నాక ఒక చిన్న మీట నొక్కాలి. నొక్కితే ఆపరేటరు చెవికి ఆ మాటలు అందవు. నొక్కకపోతే అన్నీ అందుతాయి. నొక్కారో లేదో చూసేవాళ్ళు లేరు. ఆమె ప్రతిసారీ నొక్కింది. పక్క సీటులోని ఒక పిల్ల నొక్కలేదు. ఎవరింట్లోనో చావు జరిగితే ఆ ఇంటివాళ్ళ కంటే ముందు పక్కింటివాళ్ళకు తెలిసిపోయింది. ఆ పిల్లను పైవాళ్ళు పంపించెయ్యడం తర్వాత జరిగింది, ముందు తోటివాళ్ళే దాంతో మాట్లాడటం మానేశారు.

ఎంత నొక్కినా, లైను కలిపేటప్పుడు ఒకటీ అరా మాట చెవిన పడకుండా ఉంటుందా? పడింది. పడినవేవీ పెదవి దాటలేదు. "ఊరి గుట్టంతా దాని కడుపులోనే ఉంది, అందుకే అంత లావైంది" అని పోయిన మొగుడు పదిమందిలో వేళాకోళం చేసేవాడు. ఆయనకు కూడా ఒక్క కబురూ చెప్పలేదు మహాతల్లి. అలాంటి మనిషిని పట్టుకుని నువ్వుగింజ నానదంటారా!

ఆ ఉద్యోగమే తినేసిందో, వయసే తినేసిందో, ఆ చెవులు కాస్తా పోయాయి. కూతురిది పుట్టినప్పటినుంచీ పిల్లిగొంతు. బళ్ళో హాజరు పలికినా వెనక బెంచీకి వినపడేది కాదు. లోకంలో ఎవరి మాట వినపడకపోయినా సర్దుకుపోవచ్చుగానీ, ఒక్కగానొక్క కూతురి మాట వినపడకపోతే ఎలా? అందుకే కిందటేడు గోడౌన్ వాళ్ళు సిబ్బంది కుటుంబాలకు తగ్గింపు ధరకు వినికిడి యంత్రాలు ఇప్పిస్తున్నారని తెలియగానే తల్లీకూతుళ్ళిద్దరూ పరుగెత్తారు. షాపులో అద్దాల గోడ మీద "మా భాగస్వాములు" అని రాసి, కింద రకరకాల కంపెనీల బొమ్మలు వేశారు. "అమ్మా, మా కంపెనీ బొమ్మ కూడా ఉంది చూడు" అని కూతురు మురిసిపోయింది. చెవికొకటి చొప్పున గింజంత యంత్రాలు రెండు, వాటికి తోడు సబ్బుపెట్టెంత తెల్ల డబ్బీ. ఆ డబ్బీ ఎప్పుడూ తనున్న గదిలోనే ఉండాలన్నారు. తెర మీద వేలు పెట్టమంటే పెట్టింది. ఇంటికొస్తుంటే ఆటోలో కూతురు డబ్బీకి తన ఫోన్ నెట్ కలిపి, మామూలుగా, అరవకుండా, "ఆకలేస్తోందమ్మా" అంది. లైనమ్మ నడిరోడ్డు మీద ఏడ్చేసింది.

మరి వంటింట్లో ఏం జరిగిందంటారా? గోడౌన్‌లో పార్సిళ్ళ బెల్టు ఆగదు. చేతికి కట్టిన పట్టీ మనిషి ఎక్కడ ఎంతసేపు నిలబడిందో లెక్కేస్తుంది. బాత్‌రూమ్ ఆ చివర ఎక్కడో ఉంది. వెళ్ళొస్తే జీతంలో కోత. అందుకని ఆడపిల్లలు నీళ్ళు తాగడం మానేశారు. ఒకమ్మాయి కళ్ళు తిరిగి బెల్టు మీదే పడింది. మధ్యాహ్నం ఒక్క పది నిమిషాలు బెల్టు ఆపమని అందరి చేతా సంతకాలు పెట్టించి అడుగుదామనుకున్నారు. ఇదీ వాళ్ళు పన్నిన మహా కుట్ర!

ఎంత జాగ్రత్తపడ్డారనీ! ఫోన్లు వింటాయని, ఐదుగురి ఫోన్లూ చేతిపట్టీలూ బాత్‌రూమ్‌లో బకెట్టులో పడేసి, పైన తువ్వాలు కప్పి, తలుపేసి, పక్కన కుళాయి తిప్పేవాళ్ళు. కిటికీలు మూసేవాళ్ళు. తర్వాత వంటింట్లో చేరి చెవులు కొరుక్కునేవాళ్ళు. లైనమ్మ టీ కాచి పోస్తూ, ఒక్కొక్కళ్ళ మాటా చక్కగా వింటూ, తెల్ల డబ్బీ టీపొడి డబ్బా పక్కనే పెట్టుకుని, ఎక్స్ఛేంజీ రోజులు గుర్తుకొచ్చి, తనలో తనే మురిసిపోయేది.

సంతకాల కాగితం ఇంకా రాయనే లేదు. మేనేజరు ఐదుగురినీ పిలిచి, "పది నిమిషాలు బెల్టు ఆపుదామనుకున్నారట. మీకు శాశ్వతంగా ఆపేశాం, వెళ్ళండి" అన్నాడు. నవ్వుతూ అన్నాడట. వాడి నవ్వు మీద మన్ను పొయ్య!

పొడుగమ్మాయి అలా వెళ్ళిపోయాక ఇంట్లో మాటలు లేవు. కూతురు అన్నం తిని కంచం కడిగేసి తన గదిలోకి పోతోంది. అడిగిన దానికి ఊఁ, ఆఁ. డబ్బు పెట్టి చెవులు కొనుక్కున్నది ఈ నిశ్శబ్దం వినడానికా అని లైనమ్మకు ఒళ్ళు మండిపోయేది. కూరల బండి దగ్గరికి వెళ్ళడం మానేసింది. తెలియకుండా ఎవరితోనైనా అన్నానా అని తననే తను నిలదీసుకుంది. ఆ అనుమానమే ఆమెను ఎక్కువ కాల్చింది.

ఒకరోజు కూతురు ఎదురుగా నిలబడి, "స్టవ్ ఆపేశావా?" అంది. లైనమ్మ కూతురి నోటికేసి చూస్తూ ఉండిపోయింది.

పెదవులు ముందు కదిలాయి. మాట తర్వాత వచ్చింది. కనురెప్ప పాటు తేడా, అంతే. ఆ తేడా కొత్తది కాదు, మొదటి రోజునుంచీ ఉంది. దూరపు ఊళ్ళకు లైను కలిపినప్పుడు మాట అలాగే కొంచెం వెనకబడి వచ్చేదని, అది తలుచుకుని ఇన్నాళ్ళూ ముచ్చటపడింది కూడా. ఇప్పుడు దూరం కొలిచి చూసుకుంది. కూతురు నిలబడ్డది బారెడు దూరంలో. బారెడు దూరంనుంచి రావాల్సిన మాట ఎక్కడికి పోయి వస్తోంది?

లేచి వెళ్ళి ఇంట్లో నెట్ పెట్టె స్విచ్ ఆపేసింది. "ఇప్పుడేదైనా మాట్లాడు" అంది. కూతురు విసుగ్గా ఏదో అంది. ఫ్యాను మోత, గిన్నెల మోత, వీధిలో బండి మోత, వాటి కింద ఎక్కడో నలిగిపోయిన గొంతు. స్విచ్ వేసింది. "ఏంటమ్మా ఈ చాదస్తం?" అన్న మాట స్పష్టంగా, అద్దంలా, కొంచెం వెనకబడి వచ్చి చెవిలో పడింది.

"చెప్పులు వేసుకో," అంది లైనమ్మ. "ఆ పొడుగుదాన్ని కూడా రమ్మను. నన్ను వాగుడుకాయన్నది కదా, దాని ఎదటే తేలాలి."

షాపులో కుర్చీల్లో అంతా ముసలివాళ్ళే. కౌంటరు వెనక కుర్రాడు ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ నవ్వు. లైనమ్మ అడిగినదానికి దాచకుండా చెప్పాడు. ఇందులో దాచాల్సింది ఉందని వాడికి తోచనే లేదు, పాపం!

"అవును మేడం. మాటలు మా కేంద్రానికి వెళ్ళి, అక్కడ శుభ్రపడి, తిరిగి మీ చెవికొస్తాయి. అందుకే అంత స్పష్టంగా వినిపిస్తాయి."

"శుభ్రపడ్డాక మిగిలింది ఏం చేస్తారు?"

"మీ మాటలు మేం ఎవ్వరికీ అమ్మం మేడం," కుర్రాడు గుండె మీద చెయ్యేసుకున్నాడు. "మాటల్లో ఉన్న విషయాలు మాత్రం భాగస్వాములకు చేరతాయి. దానికి మీరు ఒప్పుకున్నారు కూడా. మీ వేలిముద్ర ఉంది."

కూతురు తలెత్తి అద్దాల గోడ చూసింది. గోడౌన్ బొమ్మ అక్కడే ఉంది. ఏడాదిపాటు ఆమె మణికట్టు మీద పట్టీకి ఉన్న బొమ్మ. ఆ పట్టీ ఒరుసుకుని పడిన మచ్చను రెండోచేత్తో మూసుకుంది. పొడుగమ్మాయి పక్కనున్న కుర్చీలో కూలబడింది.

"సరే, నేను ఒప్పుకున్నాననే అనుకుందాం బాబూ," లైనమ్మ కౌంటరు మీదకు వంగింది. "నా చెవి, నా వేలు, నా ఖర్మ. నా వంటింట్లో కూర్చుని మాట్లాడిన ఈ పిల్లలు ఎప్పుడు ఒప్పుకున్నారు? వీళ్ళ వేలిముద్రలేవీ?"

"మీ యంత్రం వింటోందని మీ ఎదుటివాళ్ళకు తెలియజేసే బాధ్యత మీదే మేడం. నిబంధనల్లో ఉంది."

"ఏమిటీ?"

"అంటే, ఎవరితో మాట్లాడే ముందైనా మీరు వాళ్ళకు చెప్పాలి."

"ఓరి నీ నిబంధనలు తగలెయ్య! నా బిడ్డ అమ్మా అని పిలిస్తే, 'ఆగవే తల్లీ, కంపెనీవాళ్ళు వింటున్నారు, తర్వాత పిలు' అనాలా? గుట్టు లాక్కుపోయింది మీరు, చాటింపు వెయ్యాల్సింది నేనా? ముప్పై ఏళ్ళు ఊరి మాటలన్నీ నా చేతుల మీదుగా పోయాయిరా! ఎవరూ చూడకపోయినా మీట నొక్కాను. నా చెవికి మీట మీరు పెట్టుకుని, నొక్కకుండా కూర్చుని, తప్పు నా నెత్తిన రుద్దుతారా?"

కుర్చీల్లోని ముసలివాళ్ళంతా ఇటు తిరిగారు. కుర్రాడి ఇస్త్రీ కొంచెం నలిగింది. "అది ఆపుకునే వీలుంది మేడం. ఆపితే స్పష్టత ఉండదు, అంతే. శబ్దాలన్నీ కలిసిపోయి వస్తాయి."

"అంటే నా కూతురి మాట నాకు వినపడాలంటే ముందు నీకు వినపడాలి."

"నాక్కాదు మేడం. సిస్టమ్‌కి."

"పిలు దాన్ని. దాంతోనే మాట్లాడతా."

కుర్రాడికి నవ్వాలో వద్దో తెలియలేదు. లైనమ్మ రెండు చేతులూ ఎత్తి, చెవుల్లోవి రెండూ పీకి కౌంటరు మీద పెట్టింది. సంచిలోంచి తెల్ల డబ్బీ తీసి, వాటిని అందులో వేసి, మూత బిగించి, వాడి ముందుకు తోసింది. అంతే, లోకం దుప్పటి ముసుగేసుకున్నట్టయింది. కుర్రాడి నోరు ఆడుతోంది. ఏం వాగుతున్నాడో ఏమో! వాపసు తీసుకోమనే అయ్యుంటుంది.

కూతురు భుజం మీద చెయ్యేసి ఏదో అంది. క్షమించమందో, ఇంటికి పోదామందో. ఆ పిల్లిగొంతు ఎప్పటిలాగే ఎక్కడో ఆగిపోయింది.

"వినపడలేదు," అంది లైనమ్మ. "గట్టిగా చెప్పు. వంటింట్లో చెవులు కొరుక్కున్న మాట ఉందే, అది ఇక్కడ చెప్పు. పోవాల్సిన ఉద్యోగం ఎలాగూ పోయింది. ఇంకా ఎవరికే భయపడేది?"

కూతురు చుట్టూ చూసింది. ముఖం ఎర్రబడింది. వంగి, తల్లి చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అంది. లైనమ్మ అడ్డంగా తలూపింది. ఇంకొంచెం గట్టిగా అంది. ఊహూఁ. అప్పుడు ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, పిడికిళ్ళు బిగించి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అరవని అరుపు అరిచింది.

"నీళ్ళు తాగడానికి! పది నిమిషాలు బెల్టు ఆపమని అడుగుదామనుకున్నాం! నీళ్ళు తాగడానికమ్మా!"

కుర్చీలో ఒక పెద్దాయన ఉలిక్కిపడి చేత్తో చెవి మూసుకున్నాడు. అద్దాల అవతల ఫుట్‌పాత్ మీద పోయేవాళ్ళు ఆగి తొంగిచూశారు. కుర్రాడు కౌంటరు చుట్టూ తిరిగొచ్చి, మెల్లగా, మెల్లగా అన్నట్టు చేతులూపుతున్నాడు. పొడుగమ్మాయి లేచి వాడికి అడ్డంగా నిలబడింది. ఆ పొడుగు ఇన్నాళ్ళకు ఒక మంచి పనికొచ్చింది.

"ఇంకా?" అంది లైనమ్మ.

కూతురు తల్లి ముఖంలోకి చూసింది. ఈసారి చెవి దగ్గరికి వంగలేదు. నిలబడ్డ చోటనే నిలబడి, షాపంతా అదిరేలా అరిచింది.

"మా అమ్మ ఎవ్వరికీ చెప్పలేదు!"

లైనమ్మకు వినపడింది. మొదటిసారే, ప్రతి అక్షరం, పెదవి కదిలిన క్షణానికే వినపడింది. కళ్ళు తుడుచుకుంది. కౌంటరు మీది తెల్ల డబ్బీ కేసి ఒకసారి చూసి, కూతురి వైపు చెవి తిప్పింది.

"వినపడలేదే. మళ్ళీ చెప్పు," అంది.