ఈదమ్మ గొడుగు

శుక్రవారం వచ్చిందంటే చిన్నవ్వకు పొద్దున్నే చేతినిండా పని. శనగ గుడాలు ఉడకబెట్టాలి. అవి ఉడికేలోపు ఉల్లిగడ్డలు సన్నగా తరగాలి. పెద్ద ఫ్లాస్కుల్లో చాయ్ పోసి, అన్నీ తాను వంట చేసిపెట్టే ఆర్థర్ సారు పాత వ్యానులోకి ఎక్కించాలి. అద్లియాలోని సారు ఇంటి నుంచి హిద్ దాకా గుడాల గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. అక్కడ వలస కూలీల క్యాంపు వెనకాల ఉన్న ఖాళీ గోడౌన్లో, కుస్తీ రింగు ముందు వరుసలో ఏడు కుర్చీలు వేసి ఒక్కోదాని మీద ఒక్కో మెత్త పెట్టాలి. ఎంత జనం వచ్చినా ఆ ఏడు కుర్చీల్లో క్యాంపు వాళ్లెవరూ కూర్చోరు. అవి ఇంగ్లండు ముసలమ్మలవి.

కుర్రాళ్లు నాలుగు స్తంభాలు నిలబెట్టి, చెక్కలు పరిచి, వాటి మీద సారు తన దేశం నుంచి తెచ్చుకున్న కాన్వాసు గుడ్డ లాగి కట్టేవారు. ఆఖరి ముడి పడే సరికి ముసలమ్మలు వచ్చి కూర్చుని ఉండేవాళ్లు. ఉన్ని కోట్లు, టోపీలు, ఒళ్లో చేతిసంచులు, మోకాళ్లకు ఆనించిన గొడుగులు. బయట ఎండకు చెప్పులు రోడ్డుకు అంటుకుపోతున్నా వాళ్ల కోట్ల మీద వాన చినుకులు ఆరేవి కావు. దగ్గరికి వెళితే తడి ఉన్ని వాసనా, పిప్పరమెంటు బిళ్లల వాసనా. కాన్వాసు ఏ కంటెయినర్లో వచ్చిందో వాళ్లూ అందులోనే వచ్చారు. పోర్టులో ఎవరూ కాగితాలు అడగలేదు. గోడౌన్ యజమాని ఒకసారి వచ్చి చూసి, "అమ్మలకు ఇంకో ఫ్యాను కావాలా?" అని మాత్రం అడిగి వెళ్లాడు.

చిన్నవ్వ వాళ్లకు చాయ్ ఇచ్చేది. తాగేవాళ్లు కాదు, కానీ కప్పు రెండు చేతులతో పట్టుకుని వెచ్చదనం తీసుకునేవాళ్లు. నడిమి కుర్చీలో కూర్చునే ఆమె పేరు ఈడిత్ అని సారు చెప్పాడు. చిన్నవ్వ నోట అది ఈదమ్మ అయింది. ఈదమ్మ ఎప్పుడూ బూడిదరంగు స్వెట్టరు అల్లుతుండేది. ఎన్ని శుక్రవారాలు అల్లినా అది పూర్తయ్యేది కాదు.

ఆర్థర్ సారు వయసులో ఉండగా ఆ దేశంలో పేరున్న కుస్తీవాడు. వంటింట్లో కూర్చుని, అరబ్బీ ముక్కలు కలిసిన హిందీలో ఆ కథలన్నీ చిన్నవ్వకు చెప్పేవాడు. యుద్ధం అయిపోయాక ఊరూరా కుస్తీ పెరిగిందట. హాలు దొరకని ఊళ్లో ఈతకొలను మీద చెక్కలు పరిచి ఆడేవాళ్లట. శనివారం సాయంత్రం నాలుగయ్యే సరికి దేశమంతా టీవీ ముందు కూర్చునేదట. అందరికంటే భయంకరమైన వాళ్లు ముందు వరుస ముసలమ్మలట. దుర్మార్గుడు తాళ్ల దగ్గరికి వస్తే చాలు, టోపీ పిన్నులు తీసి తొడల్లో గుచ్చేవాళ్లు, సంచుల్లో సీసాలు వేసుకొచ్చి నెత్తిన కొట్టేవాళ్లు. సారు ఎడమ తొడ మీద చిన్న మచ్చ ఉండేది. పతకం చూపించినట్టు చూపించేవాడు. తరువాత అమెరికా వాళ్ల మెరుపుల ఆటలు వచ్చాయి. ఎనభై ఎనిమిదిలో టీవీ వాళ్లు ఈ కుస్తీని ఆపేశారు. సారు ఆడిన హాలు బట్టల దుకాణమైంది. రింగు విప్పి పడేసేటప్పుడు కాన్వాసు ఒక్కటే ఆయన భుజాన వేసుకొచ్చాడు.

"గెలిచిందెవరో రెఫరీ చెప్తాడు చిన్నవ్వా. దుర్మార్గుడెవరో మాత్రం ముందు వరుసే చెప్పాలి. వాళ్లు ఎవరిని కొడితే వాడే," అనేవాడు సారు.

చిన్నవ్వ సొంత పేరు ఆమె పాస్‌పోర్టులో తప్ప ఎక్కడా లేదు. ఆమె అక్క కొడుకు ముత్యం ఆమెను చిన్నవ్వా అని పిలుస్తాడు. అతన్ని చూసి క్యాంపంతా, సారుతో సహా, అలాగే పిలవడం మొదలుపెట్టింది. ముత్యం షిప్‌యార్డులో పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ పని చేస్తాడు. ఎంత మెత్తనివాడంటే, బస్సు లైన్లో ఎవరు తోసినా "పో అన్నా, నువ్వే పో" అని పక్కకు జరుగుతాడు. అట్లాంటివాడు శుక్రవారం మధ్యాహ్నం చిన్నవ్వ కుట్టిచ్చిన నల్లముసుగు తొడుక్కుని దుర్మార్గుడయ్యేవాడు. ముసుగు వెనక ఎవరో జనానికి తెలియదు. తెలిస్తే క్యాంపులో బతకనివ్వరని సారు ఒట్టు వేయించాడు. ముసుగువాడు కళ్లల్లో మట్టి కొట్టేవాడు, వెనక నుంచి తన్నేవాడు. దెబ్బలు ఎక్కువైతే మోకాళ్ల మీద పడి దండం పెట్టి ఏడ్చేవాడు. అవతలివాడు జాలిపడి వెనక్కి తిరగ్గానే నడుం మీద గుద్దేవాడు. జనం కోపంతో ఉడికిపోయేవాళ్లు. ఈదమ్మ లేచి గొడుగు పిడితో అతని వెన్ను మీద ఒకటి వేసేది. ఎవరికీ అనుమానం రాకూడదని చిన్నవ్వ కూడా వాళ్లతో కలిసి అరిచేది.

"వాని మెడ ఇరువుండ్రి! మెడ ఇరువుండ్రి!"

ఇంటికొచ్చాక ఆ వెన్నుకే వేడినీళ్ల కాపడం పెట్టేది.

మొదట్లో ఆమెకు ప్రాణం ఒణికేది. అప్పుడు ముత్యం ఆమె చేయి పట్టుకుని చూపించాడు. "సూడు చిన్నవ్వా, పట్టు వట్టినప్పుడు గిట్ల ఒక్కసారి నొక్కుతం. మంచిగున్నవా అని అడిగినట్టు. ఆయన మళ్ల నొక్కిండనుకో, మంచిగున్న, కానియ్యి అన్నట్టు. ఇడువకుంట నొక్కుతనే ఉంటే ఇడిసిపెట్టాలె. ఎంత పగోడైనా ఇడిసిపెట్టాలె."

"మరి గా ముసలోళ్లకు ఈ సంగతి ఎరుకేనా?" అని ఆమె సారును అడిగింది.

సారు చాయ్ కప్పు కింద పెట్టాడు. "నా జీవితమంతా వాళ్లను ఆ మాట అడగాలంటే భయమే," అన్నాడు.

ముత్యంతో తలపడేవాడు రాజా. సనాబిస్‌లో ఒక జిమ్‌లో ట్రైనరు. కాకినాడ వైపు మనిషి, తెల్ల నిక్కరు, నూనె రాసిన భుజాలు. వాడు రింగులోకి దూకితే గోడౌన్ రేకులు అదిరేలా ఈలలు. ఈదమ్మ అల్లిక ఆపి మరీ వాడికి పిప్పరమెంటు బిళ్ల ఇచ్చేది.

ఆ వేసవిలో మనామా నుంచి ఒక పెద్దమనిషి వచ్చి ఆట చూసి వెళ్లాడు. పెద్ద హాల్లో ఆడించడానికి ఒక్కడు చాలన్నాడు. ఆ ఒక్కడు ముసుగువాడే కావాలన్నాడు.

తరువాతి శుక్రవారం చాటు తడక వెనక ఆ మాట సారు నోటి నుంచే రాజాకు తెలిసింది.

"ముసుగోడికా?" అని నవ్వాడు రాజా. "మొహం కూడా లేనోడికి హాలేంటండీ బాబూ!"

"నేనడగలే రాజన్నా," అన్నాడు ముత్యం, ముసుగు చేతిలో నలుపుతూ. "నువ్వు పోతనంటే నువ్వే పో. నాకేం లేదు."

"నువ్విచ్చేదేంట్రా నాకు?" రాజా అతని వీపు మీద చరిచాడు. అరచేయి అచ్చు ఎర్రగా తేలింది. "సర్లే. ఇయ్యాల జనానికి మాంఛి ఆట చూపిద్దాం, రా."

చిన్నవ్వ గుడాల గిన్నె ముందుకు పెట్టింది. ప్రతివారం రెండు పిడికిళ్లు అడిగి తినే రాజా ఆ రోజు ముట్టలేదు.

మొదటి రౌండు మామూలుగానే నడిచింది. రెండో రౌండు గంట మోగగానే రాజా మోచేయి ముత్యం ముక్కు మీద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు. ముసుగు అంచు నుంచి నెత్తురు గడ్డం మీదకీ, ఛాతీ మీదకీ, కాన్వాసు మీదకీ కారింది.

"దంచు రాజన్నా! ఇయ్యి ఇంకోటి!" జనం కుర్చీలెక్కారు.

ఇంకోటి ఇచ్చాడు. ఆ తరువాత లెక్కలేదు. తల పట్టుకుని ఇనుప స్తంభానికి కొట్టాడు. పడినవాడి పక్కటెముకల మీద మోకాలితో దూకాడు. లేవబోయినవాడి చెవి మీద పిడికిలితో గుద్దాడు. ముత్యం నోట్లోంచి ఒక పన్ను రాలి తెల్లని గుడ్డ మీద బియ్యపు గింజలా పడింది. అతను మోకాళ్ల మీద లేచి రెండు చేతులూ జోడించాడు.

జనం విరగబడి నవ్వారు. "మొదలువెట్టిండు నాటకాలు! నమ్మకు రాజన్నా! ఎనుకకు తిరగకు!"

రెఫరీ గంగాప్రసాద్ క్యాంపులో ముత్యం పక్క మంచం వాడు. సంగతి గ్రహించి ఇద్దరి మధ్యకు దూరాడు. "ఖలాస్ భాయ్, ఖలాస్! ఇడువు!" రాజా అతన్ని మెడపట్టి విసిరేశాడు. గంగాప్రసాద్ తల మూల స్తంభానికి తగిలి, తాళ్ల కింద నుంచి జారి, కింద సిమెంటు నేల మీద పడి కదల్లేదు. దానికీ ఈలలే. రెఫరీ పడిపోవడం అలవాటైన ఆటే కదా.

రాజా బోర్లాపడిన ముత్యం నడుం మీద కూర్చున్నాడు. గడ్డం కింద రెండు చేతులూ పెనవేసి తలను వెనక్కి లాగడం మొదలుపెట్టాడు.

చిన్నవ్వ చూపు తల మీద లేదు, వేళ్ల మీద ఉంది. ముత్యం వేళ్లు రాజా మణికట్టును పట్టుకుని నొక్కుతున్నాయి. నొక్కి, నొక్కి, ఇంకా నొక్కుతున్నాయి. రాజా లాగుతూనే ఉన్నాడు.

"ఇరుస్తుండు! మెడ ఇరుస్తుండు! ఆపుండ్రి!" అని ఆమె గొంతు చించుకుంది.

"అవ్వకు ఇయ్యాల మస్తు జోషొచ్చింది!" అన్నాడు వెనక నుంచి ఎవడో. ప్రతి శుక్రవారం అరిచే ముసలిదే, ప్రతి శుక్రవారం అరిచే మెడ మాటే. అందరూ ఆమెతో గొంతు కలిపారు. "మెడ ఇరువు! మెడ ఇరువు!"

"గంట కొట్టు సారూ!" అంది చిన్నవ్వ. శుక్లాలు కమ్మిన కళ్లతో సారుకు రింగులో తెలుపూ నలుపూ తప్ప కనబడదు. అయినా ఆ గొంతు విని గంట కొట్టాడు, కొడుతూనే ఉన్నాడు. గోలలో గంట మునిగిపోయింది. ఆమె రింగు ఎక్కబోతే ఇద్దరు కుర్రాళ్లు నవ్వుతూ రెక్కలు పట్టుకున్నారు. "పడతవ్ అవ్వా, కూసో!" వాళ్లు తెచ్చి ఆమెను ముందు వరుస పక్కనే నిలబెట్టారు.

ఈదమ్మ అల్లుతోంది. ముఖంలో తృప్తి. తన తెల్ల నిక్కరు పిల్లాడు గెలుస్తున్నాడు.

చిన్నవ్వకు ఆ భాష రాదు. ఈదమ్మకు ఈ భాష రాదు. చిన్నవ్వ కింద కూర్చుని, సూదుల మధ్య నుంచి ఆమె చేయి లాక్కుంది. చన్నీళ్లలో నానిన చేయిలా ఉంది. దాన్ని నొక్కింది. నొక్కుతూనే ఉంది. నొక్కుతూ, రెండో చేత్తో రింగులోని ఆ వేళ్లను చూపించింది.

ఈదమ్మ చూపు మెల్లగా అటు తిరిగింది. వేళ్లను చూసింది. వాటి నొక్కుడు అప్పటికే నెమ్మదిస్తోంది. చాలాసేపు చూసినట్టు అనిపించింది. అప్పుడు చిన్నవ్వ చేతిని ఆ చల్లని చేయి ఒక్కసారి, గట్టిగా, తిరిగి నొక్కింది.

ఈదమ్మ అల్లిక సంచిలో పెట్టుకుంది. టోపీలోంచి జానెడు పిన్ను లాగింది. గొడుగు పట్టుకుని లేచింది. ఆమె లేస్తే మిగతా ఆరుగురూ లేచారు.

"పోండ్రి అమ్మలూ! కొట్టుండ్రి ముసుగోణ్ణి!" అని జనం దారి ఇచ్చారు.

మెట్లు లేకుండానే వాళ్లు రింగులో ఉన్నారు. మొదట పిన్ను రాజా తొడలోకి చివరి పూస దాకా దిగింది. వాడు కేకపెట్టి పట్టు వదిలేశాడు. తిరిగి చూసేలోపు గొడుగు పిడి వాడి పళ్ల మీద పడింది. సీసాలున్న సంచి చెవి మీద, ఇంకో సంచి ఇంకో చెవి మీద. చేతులడ్డం పెడితే వేళ్ల మీద కొట్టారు. పడితే వీపు మీద కొట్టారు. తడి కోట్ల ముసలమ్మలు మాట లేకుండా, ఊపిరి రొప్పకుండా, ధాన్యం దంచినట్టు వరసగా దంచారు. "అమ్మా, నేనమ్మా, నేను మంచోణ్ణమ్మా!" అని వాడు తాళ్ల కిందకు పాకాడు. ఈదమ్మ వాడి చేతి మీద బూటు పెట్టి నిలబడింది. ఎముక చిట్లిన చప్పుడు ఆఖరి వరుస దాకా వినబడింది.

కుర్చీలెక్కినవాళ్లు ఒక్కొక్కరే కిందికి దిగారు. తరువాత ఎవడో మెల్లగా అన్నాడు, "అయితే గీడా?"

అంతే. రాజా తెల్ల నిక్కరుతో తలుపు దాకా పరుగెత్తేలోపు ఎన్ని చెప్పులు తగిలాయో.

చిన్నవ్వ ముసుగు దారాలు పళ్లతో కొరికి ఊడదీసింది. "అరె, మన ముత్యం!" అని క్యాంపు నోరు తెరిచింది. అతని కళ్లు వాచి మూసుకుపోయాయి. ఆమె చేయి వెతికి పట్టుకుని ఒక్కసారి నొక్కాడు. మంచిగున్నవా అని. ఏడుపులో ఆమె తిరిగి నొక్కడం మరిచిపోయింది.

మెడ ఎముక చిట్లిందనీ, ఇంకొక్క లాగు లాగితే కాళ్లూ చేతులూ పోయేవనీ డాక్టరు చెప్పాడు. గంగాప్రసాద్ తలకు కుట్లు పడ్డాయి.

రాజా బతుకు వేరే దారి పట్టింది. సనాబిస్ దుకాణాల్లో, బస్‌స్టాపుల్లో, ముక్కూమొహం తెలియని ముసలమ్మలు వాడిని చూడగానే ఆగి సంచితో ఒకటి వేసి వెళ్లేవాళ్లు. అరబ్బు అవ్వలు, మలయాళీ అవ్వలు, అందరూ. చివరికి ఊరికి విమానం ఎక్కితే పక్క సీటు ఆవిడ బెల్టు పెట్టుకోకముందే మొదలుపెట్టిందని అంటారు.

చలి మొదలయ్యాక ముత్యం మెడపట్టీ తీసేశారు. మొదటి శుక్రవారమే, చిన్నవ్వ ఎర్రదారంతో అతుకులు వేసిన ముసుగు తొడుక్కున్నాడు. మనామా హాలుకు పోయే ముందు ఇక్కడ ఒక్క ఆట ఆడి పోతానన్నాడు. గంగాప్రసాద్ కుట్ల మచ్చ మీద టోపీ పెట్టుకుని గంట కొట్టించాడు. ముసుగు కింద ఎవరున్నారో ఇప్పుడు అందరికీ తెలుసు. అయినా వాడు మట్టి కొట్టగానే అందరూ కోపంతో ఉడికిపోయారు.

ముందు వరుసలో ఈదమ్మ పక్కన ఇప్పుడు ఎనిమిదో కుర్చీ ఉంది. ముత్యం గర్జిస్తూ తాళ్ల మీదకు వంగాడు. ఈదమ్మ గొడుగు వేసింది. చిన్నవ్వ లేచి, కాలి చెప్పు తీసి, వాడి వీపు మీద ఫెడీమని ఒకటి కొట్టింది. కొడుతూనే రెండో చేత్తో, తాడు కింద నుంచి, వాడి చేయి పట్టుకుని ఒక్కసారి నొక్కింది.

వాడు తిరిగి నొక్కాడు.

అప్పుడు ఇంకోటి, ఇంకా గట్టిగా కొట్టింది.