ఏమీ కలపని జావ

మేం గ్నోములం, మోకాలెత్తు మనుషులం. మా కొండ మఠంలో గాలిలో బాణం పట్టుకోవడం, గోడల మీద పరుగెత్తడం ఎవరికైనా వస్తాయి. వాటికి ఎవరూ సన్యాసి నడికట్టు కట్టరు. గురువుగారిని ఒక్కసారైనా బోల్తా కొట్టించాలి. ఏటా మంచు కరిగిన మొదటి రోజున ప్రయత్నించవచ్చు. మూడేళ్లు చూస్తారు. అప్పటికీ చేతకాకపోతే మూట సర్దుకుని ఇంటికి పోవాల్సిందే.

నా ఇల్లంటే ముల్లంగి పొలం, ఏడుగురు అన్నలు. నేను సన్యాసినవుతానని బయల్దేరిన రోజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు వాళ్లు. వాళ్ల ముందుకు బోసి నడుముతో వెళ్లడం కన్నా కొండ మీంచి దూకడం నయమనిపించేది.

మొదటి ఏడు ఓర్లబిన్ గురువుగారి చెప్పుల్లో తేనె పోశాను. ఆయన ఆ జిగురుతోనే రోజంతా గోడల మీద నడిచారు. రెండో ఏడు ఆయన దిండులో మిరియాల పొడి కూరాను. ఎలా మారిందో ఏమో, ఆ దిండు నా తల కిందికే వచ్చింది. వారం రోజులు తుమ్మాను.

మూడో ఏడు నా బుర్ర మొరాయించింది. ఒట్టు, ఒక్క ఉపాయమూ తట్టలేదు. పొద్దున్నే మూట కట్టి గుమ్మం దగ్గర పెట్టాను. వెళ్లేముందు ఆయనకు చేతులారా పెడదామని, ఏడుపు దిగమింగుకుంటూ పుట్టగొడుగుల జావ కాచాను. పీట వేసి, గిన్నె పెట్టి, కాళ్లకు దణ్ణం పెట్టాను.

"ఏం కలిపావురా టిప్కిన్?"

"ఏమీ కలపలేదండీ."

మంచు కరిగిన రోజున ఆ మాట నిజంగా అన్నవాడు మా మఠంలో అంతవరకూ లేడు. గురువుగారు జావను పిల్లికి పెట్టారు. అది శుభ్రంగా తాగి, ఎప్పటిలాగే పొయ్యి పక్కన పడుకుంది. మత్తుమందేనని ఆయన తేల్చేశారు. పీట కాళ్లు కోసి ఉంటానని దాన్ని మడమతో తన్నారు. పీట గట్టిది, మడమే వాచింది. ఇక నేల మీద కూడా నమ్మకం పోయి దూలం మీదికి ఎగిరారు. నేను కంగారుపడి దిగమని బతిమాలితే అనుమానం మరీ ముదిరింది. అసలు కిటుకంతా గుమ్మం దగ్గరి మూటలోనే ఉందని కనిపెట్టి, దానికి తగలకుండా ఒక్క గెంతులో గుమ్మం దాటారు. నలభైమంది సన్యాసులు చూస్తుండగా, బయట పుట్టగొడుగులు కడిగే తొట్టిలో మెడదాకా పడ్డారు.

గడ్డం పిండుకుంటూ లేచి నవ్వడం మొదలుపెట్టారు. తన నడికట్టే విప్పి నాకు కట్టారు.

"ఏమీ చెయ్యకుండా ముంచినవాడివి నువ్వొక్కడివేరా."

నిజంగానే ఓడిపోయానని, ఇంటికి బయల్దేరానని మొత్తుకున్నాను. అందరూ ఇంకా నవ్వారు. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక ఏడ్చేశాను. ఆ ఏడుపు కూడా భలే నటించానని మెచ్చుకున్నారు, దిక్కుమాలినవాళ్లు.

ఇప్పుడు ఆయన పీఠం మీద నేనే ఉన్నాను. గురువుగారు మంచం పట్టిన చివరి రోజుల్లో పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ఆ రోజు నేను వేసిన ఎత్తంటూ లేదని, ఈ బరువు ఇక మొయ్యలేనని అన్నాను. కన్నతండ్రికన్నా ఎక్కువగా ప్రేమించిన మనిషి. ఆయన నిజం తెలుసుకునే వెళ్లాలని నా ఆశ.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"పోయేవాణ్ణి కూడా వదలవేంట్రా" అన్నారు మురిసిపోతూ.

ఆ తర్వాత దగ్గు తెర వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు.