ముక్కుగారు తల ఊపితే

తల్లిదండ్రులు ఆయనకు మంచి పేరే పెట్టారు. కానీ తారు ప్లాంటులో అడుగుపెట్టాక ఆ పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఎదురుపడితే "సార్" అనేవాళ్లు, చాటుగా "ముక్కుగారు" అనేవాళ్లు. నిజం చెప్పాలంటే రెండోదాంట్లోనే మర్యాద ఎక్కువ.

రోడ్లకు కావలసిన సరుకు తయారు చేయడం ఆ ప్లాంటు పని. కంకర వేడి చేసి, కాగిన తారు కలిపి, లారీలకెత్తి పంపిస్తారు, వాళ్ల మనుషులే వెళ్లి రోడ్డు వేస్తారు. తారు మాత్రం బయటినుంచి ట్యాంకర్లలో వస్తుంది. చిక్కల్లా అక్కడే. నిన్న డీజిల్ మోసిన బండే ఇవాళ తారు మోసుకొస్తుంది. అడుగున నాలుగు బిందెల డీజిల్ మిగిలినా సరే, తారంతా మెత్తబడిపోతుంది. దానితో వేసిన రోడ్డు చూడ్డానికి బంగారంలా ఉంటుంది. ఎండలు ముదిరాక తారు పైకి తేలి, చక్రం కింద సబ్బులా జారుతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. చిన్న గిన్నెలో తారు పోసి, చల్లార్చి, నీళ్లలో ఉంచి, పైనుంచి సూది వదిలి ఎంత లోతు దిగిందో చూడాలి. మెత్తటి తారైతే సూది ఎక్కువ దిగుతుంది. కాకపోతే ఈ తతంగానికి సగం పూట పడుతుంది. అంతసేపూ ట్యాంకరు నిలబడాలి, రోడ్డు దగ్గర రోలరు నిలబడాలి, కూలీలు నిలబడాలి. మేనేజరు ఒక్కడే నిలబడడు, కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. అందుకని ఎప్పట్నుంచో ఒక పద్ధతి స్థిరపడిపోయింది. ముక్కుగారు నిచ్చెనెక్కి, ట్యాంకరు మూత తీయించి, ఆవిరిని చేత్తో ముఖంవైపు విసురుకుని, ఒక్కసారి పీల్చి తల ఊపుతారు. నిలువుగా ఊపితే దించుకోవడమే. అడ్డంగా ఊపితే డ్రైవరు ఎంత మొత్తుకున్నా బండి వెనక్కే. మాటవరసకు ఒక డబ్బాలో నమూనా పట్టి ల్యాబు అలమారలో పెట్టేవాళ్లు, ఎప్పుడైనా గొడవ వస్తే పనికొస్తుందని. గొడవ ఎన్నడూ రాలేదు, ఆ డబ్బాల మూతలు ఎవరూ తియ్యలేదు.

ఆ ముక్కు ఊరికే వచ్చింది కాదు. ఆయన కొత్తగా ఇంజనీరై చేరినప్పుడు తారు పీపాల్లో వచ్చేది, కింద కట్టెలు పెట్టి కరిగించేవాళ్లు. తోటి ఇంజనీర్లు గాలి వాటం చూసుకుని దూరంగా నిలబడితే, ఈయన పొగలోనే నిలబడి కాగిన తారేదో, మాడిన తారేదో, కల్తీ తారేదో నేర్చుకున్నారు. పెళ్లయిన కొత్తలో భార్య ఆయన చొక్కాలు వేరే బకెట్లో నానబెడుతూ, "చొక్కాలతో పాటు మిమ్మల్నీ ఇందులోనే పడెయ్యాలి" అనేది. మూడు కంపెనీలు మారారు. మూడుచోట్లా డిగ్రీ చూసి ఉద్యోగమిచ్చారు, ముక్కు చూసి నెత్తిన పెట్టుకున్నారు.

అలాంటిది, చలికాలం చివర్లో ఒక జ్వరం వచ్చి వాసన కాస్తా పట్టుకుపోయింది. మొదట ముక్కు దిబ్బడే అనుకున్నారు. దిబ్బడ వదిలింది గాని వాసన రాలేదు.

ఇంట్లో అది పాల దగ్గర బయటపడింది. పొయ్యికి వీపు పెట్టి ఆయన పేపరు చదువుకుంటుంటే వెనక పాలు మాడి బొగ్గయ్యాయి. భార్య పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసింది.

"వాసన రాలేదా మీకు?"

"చదువుకుంటున్నా కదా."

"పక్కింటి పొయ్యి మీద కూర మాడితే ఇక్కణ్ణుంచి కేకేసే మనిషి! నాతోనా చెప్తున్నారు?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. జ్వరం తగ్గినప్పట్నుంచీ అంతేనని, డాక్టరు కొన్ని నెలలు పట్టొచ్చన్నాడని, అసలు రాకపోయినా రాకపోవచ్చన్నాడని చెప్పారు.

"ప్లాంటులో చెప్పారా మరి?"

"చెప్తే ఇంక నన్నెవడు పట్టించుకుంటాడే? ముక్కు లేని ముక్కుగారేమిటి?"

ఆవిడ గిన్నె తోముతూ ఉండిపోయింది. ఆయన మర్నాడు మళ్లీ నిచ్చెనెక్కారు. ఎక్కడం, విసురుకోవడం, పీల్చడం, అన్నీ మామూలే. తెలిసిన డ్రైవరైతే ధైర్యంగా తల ఊపేవారు, కొత్తవాడైతే దేవుడి మీద భారం వేసి ఊపేవారు. రాత్రిళ్లు మాత్రం నిద్ర పట్టేది కాదు.

ల్యాబులో కెమిస్టు ఆయన మేనకోడలు, సొంత అక్క కూతురు. ట్యాంకరు దించకముందే సూది పరీక్ష చెయ్యాలని ఆ పిల్ల చేరినప్పట్నుంచీ పోరుతోంది. "నీ సూది దిగేలోపు నా రోడ్డు మీద బస్సులు తిరుగుతాయే" అని నలుగురిలో నవ్వులపాలు చేసింది ఈయనే.

ఎండలు మొదలైన వారంలో ఒక కొత్త డ్రైవరు ట్యాంకరు తెచ్చాడు.

"ఇంతకుముందు ఇందులో ఏం మోశారు బాబూ?" అని అడిగారు ముక్కుగారు.

"ఏమో సార్, నేను నిన్ననే ఈ బండెక్కాను. అయినా మీరు తల ఊపితే చాలంట కదా, ఇంక నాదేం పూచీ లేదంట."

ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. నిచ్చెనెక్కి పీల్చారు. ముఖానికి వేడి తగిలింది, అంతే. కింద మేనేజరు, మేనకోడలు, పంపు ఆపరేటరు మెడలెత్తి ఆయన తలనే చూస్తున్నారు. ఆ తల ఈసారి ఎటూ కదల్లేదు.

"నాకు వాసన రావట్లేదు" అన్నారు.

"అంటే డీజిల్ లేదన్నమాట! దించెయ్యండ్రా" అన్నాడు మేనేజరు.

"డీజిల్ వాసన కాదయ్యా! తారు వాసనే రావట్లేదు. ఏ వాసనా రావట్లేదు. జ్వరం వచ్చినప్పట్నుంచీ ఇంతే."

అందరూ ముక్కున వేలేసుకున్నారు. తేరుకున్నాక తలా ఒకరు నిచ్చెనెక్కి చూశారు. డీజిల్ ఉందని ఆపరేటరు, లేదని మేనేజరు, ఆ వచ్చేది తన బీడీ వాసనేమో చూడమని డ్రైవరు. ఇన్నేళ్లలో ఇంకొకరెవరూ ఆ మూత దగ్గర పీల్చిన పాపాన పోలేదు. చివరికి మేనకోడలు నమూనా పట్టుకుని ల్యాబులోకి వెళ్లింది.

మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. తారు నిక్షేపంలా ఉంది.

మేనేజరు మండిపడ్డాడు. "చూశారా? ఎప్పట్లా తల ఊపేసుంటే ఎవరికీ తెలిసేది కాదు. పూటంతా తగలేశారు!"

"నాకు తెలిసేదిగా" అన్నారు ముక్కుగారు. మేనకోడలి వైపు తిరిగారు. "ఆ అలమార తియ్యమ్మా. జ్వరం తర్వాత వచ్చిన డబ్బాలన్నీ చూద్దాం."

"ఇవాళేనా, మామయ్యా?"

"ఇవాళే. ఇన్నాళ్లూ నీ సూదిని నేనే ఆపాను. ఇక ఆపను."

ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కటే చూశారు. సూది దిగినప్పుడల్లా ఆయన ఊపిరి బిగబట్టి, అంకె విన్నాక వదిలేవారు. ఒకటి బాగుంది, మరొకటి బాగుంది, ఆశ మొలకెత్తుతోంది. మర్నాడు పొద్దున ఒక డబ్బా దగ్గర సూది వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. మేనకోడలు అంకె చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆ ట్యాంకరు ఆయనకు గుర్తుంది. డ్రైవరు కొత్తవాడు. ఆ తారు ఆస్పత్రికి దిగే వాలులో, మలుపు దగ్గర పడింది.

"ఫిర్యాదేం రాలేదుగా సార్" అని మేనేజరు నసిగాడు. "ఈ వేసవి దాటనిస్తే..."

"ఈ వారమే దాటదు. దారి మూయించండి. పై అధికార్లకు నా పేరే చెప్పండి, నేనే వచ్చి మాట్లాడతాను." మూలనున్న ఎర్రజెండా చంకన పెట్టుకుని ఆటో ఎక్కేశారు. మేనకోడలు రెండో జెండా తీసుకుని వెంటపడింది.

మలుపు దగ్గర రోడ్డు నల్లగా నిగనిగలాడుతోంది. చక్రాల జాడలు పల్లం పడ్డాయి, చెప్పు పెడితే అంటుకుంటోంది. వాళ్లు చూస్తుండగానే ఒక మోటారు సైకిలు సర్రున జారి, అతి కష్టం మీద నిలదొక్కుకుంది. వెనక కూర్చున్నామె ఒళ్లో చంటిబిడ్డ ఉంది. ముక్కుగారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ముక్కు పోయినందుకు ఆయన ఏడవలేదు. పోయిందని చెప్పుకోలేక ఇన్నాళ్లూ తల ఊపినందుకే ఆ ఏడుపు.

"మామయ్యా, మీరు నీడలో కూర్చోండి, నేను చూస్తాను" అంది మేనకోడలు.

"నువ్వు కింద నిలబడమ్మా. పైన నేనుంటాను. వాళ్లొచ్చి దారి మూసేదాకా కదలను."

ఎర్రటి ఎండలో, వాలు మొదట్లో, ఇస్త్రీ చొక్కాతో ఒక పెద్దమనిషి జెండా ఊపుతుంటే వచ్చేపోయేవాళ్లు హారన్లు కొట్టారు, తిట్టారు, కొందరు నవ్వుకున్నారు. ఆయన అందరికీ ఒకటే మాట చెప్పారు, నెమ్మదిగా దిగమని. కాసేపటికి నిండా జనంతో ఒక బస్సు వచ్చింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏం పెద్దాయనా, నడిరోడ్డు మీద ఈ ఆటలేంటి?"

"ముందు మలుపులో తారు తేలింది బాబూ, జారుతోంది. చిన్న గేరులో దిగు."

"కొత్తగా వేసిందేగా! ఏ వెధవ వేశాడండీ ఈ రోడ్డు?"

"నేనే" అన్నారు ఆయన.

డ్రైవరు ఆయన ముఖం వంక, చేతిలో జెండా వంక చూశాడు. గేరు తగ్గించి, లోపలివాళ్లను గట్టిగా పట్టుకోమని కేకేసి, బస్సును మెల్లగా వాలులోకి దించాడు. దాని వెనక చక్రం మలుపు దాటేదాకా ముక్కుగారు అటే చూస్తూ నిలబడ్డారు. తర్వాత పైనుంచి వస్తున్న లారీకి జెండా ఎత్తారు.