నాలుగు మీటర్ల తొంభై సెంటీమీటర్లు

ఆ స్కూల్లో ఫిజిక్స్ చెప్పే టీచరమ్మను పిల్లలు చాటుగా తోపుడు మేడమ్ అనేవారు. బలం అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చిన ప్రతి ఏడూ ఆవిడ ముందు బెంచీని తోసి చూపించేది. ఇరవై రెండేళ్ళుగా అదే బెంచీ, అదే తోపుడు. మొదట్లో బెంచీ మూడడుగులు జరిగేది, ఇప్పుడు ఒక్క అడుగు జరిగితే గొప్ప. బెంచీ బరువేమీ పెరగలేదు. తోసే మనిషి అలిసిపోయింది, అంతే.

ఈ వారం ఆ అలసట మీద ఇంకొకటి వచ్చి పడింది. ఆవిడ తమ్ముడు బ్రెడ్డు ఫ్యాక్టరీలో వ్యాను నడుపుతాడు. పోయిన మంగళవారం తెల్లవారుజామున రోడ్డు వారగా ఆగి ఉన్న ఒక ఖాళీ నీళ్ళ ట్యాంకరును వెనక నుంచి గుద్దాడు. టైరు చూసుకోవడానికి కిందికి దిగిన ట్యాంకరు డ్రైవరుకు కాలు రెండు చోట్ల విరిగింది. తమ్ముడికి నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి.

ఫ్యాక్టరీ వ్యాన్లు ఆ రోడ్డు మీద నలభై దాటకూడదని రూలు. నలభై లోపే ఉంటే తప్పంతా లైటు వేయకుండా ఆపాడని తమ్ముడు చెబుతున్న ట్యాంకరు డ్రైవరుది, ఆ మంచం పట్టినవాడి లైసెన్సు పోతుంది. నలభై దాటి ఉంటే తప్పు తమ్ముడిది, వాడి ఉద్యోగమూ లైసెన్సూ రెండూ పోతాయి. చూసినవాళ్ళు ఎవరూ లేరు. లెక్క తెలిసినవాళ్ళ చేత వేగం ఎంతో రాయించుకుని శుక్రవారానికల్లా తెమ్మన్నాడట మేనేజరు.

"నాకు లెక్క తెలిసినవాళ్ళంటే నువ్వే కదక్కా," అన్నాడు తమ్ముడు.

వాడు ఊరికే రాలేదు. టేపు పట్టుకెళ్ళి రోడ్డు మీద టైర్ల గీతలు కొలుచుకొచ్చాడు. పదో తరగతి ఫిజిక్స్ మూడుసార్లు తప్పినవాడు, జీవితంలో మొదటిసారి ఒక కొలతను కాగితం మీద శ్రద్ధగా రాసుకొచ్చాడు.

"గుద్దాక రెండు బండ్లూ అతుక్కుని జారింది ఎంతో తెలుసా? నాలుగు మీటర్ల తొంభై! ఐదు మీటర్లు కూడా లేదు. స్పీడుగా పోతే ఇంత కొంచెమే జారతాయా, నువ్వే చెప్పు?"

వెనక గదిలోంచి అమ్మ అందుకుంది. "రాసివ్వవే. వాడికి నువ్వు కాకపోతే ఎవరున్నారు?"

ఎవరూ లేని మాట నిజమే. నాన్న పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. ఫీజులు, చెప్పులు, జ్వరాలు, పెళ్ళి, మళ్ళీ వాడి పిల్లల జ్వరాలు, అన్నిటికీ అక్కే. ఆవిడ విసుక్కున్న రోజులున్నాయి కానీ కాదన్న రోజు లేదు.

మర్నాడు బస్సులో కూర్చుని ఒక పాత కవరు వెనక లెక్క వేసింది. వ్యాను సరుకుతో రెండు వేల కిలోలు, ట్యాంకరు మూడు వేలు. ఘర్షణకు సెకనుకు ఐదు మీటర్ల చొప్పున వేగం తగ్గిందనుకుంటే, జారడం మొదలైనప్పుడు రెండిటి వేగమూ సెకనుకు ఏడు మీటర్లు. అక్కడి నుంచి వెనక్కి వెళితే గుద్దే క్షణంలో వ్యాను వేగం సెకనుకు పదిహేడున్నర మీటర్లు. అంటే గంటకు అరవై మూడు కిలోమీటర్లు.

ఇంకోసారి వేసింది. అరవై మూడే. నిద్ర చాలక తప్పు చేస్తున్నానేమో అనుకుంది. ఇరవై రెండేళ్ళ నుంచి చెబుతున్న పాఠం తప్పు కావాలని కోరుకోవడం ఆవిడకు ఇదే మొదటిసారి.

అప్పుడే ఆవిడకొక పాడు బుద్ధి పుట్టింది. గురువారం పదో తరగతికి ద్రవ్యవేగం మీద యూనిట్ పరీక్ష ఉంది. ఐదో ప్రశ్నగా వ్యాను బదులు లారీ అని, ట్యాంకరు బదులు ట్రాలీ అని మార్చి తమ్ముడి ప్రమాదాన్ని అచ్చుగుద్దినట్టు ఇచ్చేసింది. ఇంటి పంచాయతీని పిల్లల నెత్తిన పెట్టిన టీచరు ఈవిడ ఒక్కతే అయ్యుంటుంది. నలభై ఒక్క బుర్రల్లో ఒక్కటైనా తన లెక్క తప్పని చూపిస్తే చాలని ఆశ.

పరీక్ష అయిన మధ్యాహ్నమే స్టాఫ్ రూములో కూర్చుని దిద్దడం మొదలుపెట్టింది. ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి పక్క బల్లకే వెళుతోంది. మొదటి పేపరు, పదిహేడున్నర. రెండోది, పదిహేడున్నర. ఏడాదంతా ద్రవ్యవేగాన్నీ ద్రవ్యరాశినీ కలగలిపి తల ప్రాణం తోకకు తెచ్చిన పిల్లలు కూడా ఈ లెక్క దగ్గర మాత్రం బుద్ధిమంతులైపోయారు. బాగా చెప్పినందుకు టీచర్లు ఏడవాల్సిన రోజు కూడా ఒకటి వస్తుందని ఎవరనుకుంటారు? ప్రతి పేపరు మీదా ఐదుకి ఐదు వేస్తుంటే ఆవిడకు చెయ్యి బరువెక్కింది.

ముప్పై ఎనిమిదో పేపరు చివరి బెంచీ పిల్లది. ఆ పిల్లకు అన్నిటికీ తొందరే, సగం మెట్లు వదిలేసి జవాబు దగ్గరకు దూకుతుంది. జవాబు పదిన్నర మీటర్లని రాసింది. టీచరమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టినట్టు గబగబా మార్చి చూసింది. గంటకు ముప్పై ఏడు పాయింట్ ఎనిమిది కిలోమీటర్లు.

తప్పు ఎక్కడుందో వెతకాల్సిన పని లేదు. గుద్దిన తర్వాత రెండూ కలిసి కదిలాయి కాబట్టి రెండిటి బరువూ కలపాలి. ఈ పిల్ల ట్రాలీ బరువు ఒక్కటే వేసి, గుద్దిన లారీ బరువు వదిలేసింది. చాలా చిన్న తప్పు. హడావిడిలో ఎవరైనా చేసేదే. బ్రెడ్డు ఫ్యాక్టరీ మేనేజరు కనిపెట్టలేనిది.

ఆవిడ ఆ జవాబు మీద ఎర్రటి ఇంటూ కొట్టింది. కొట్టి, తెల్ల కాగితం తీసి, అదే తప్పును తన గుండ్రటి అక్షరాలతో, ఒక్క మెట్టూ వదలకుండా, నీటుగా రాసింది. కింద సంతకం పెట్టి, చదువూ హోదా రాసి, స్కూలు స్టాంపు కూడా వేసింది. సిగ్గేసింది. సిగ్గు కన్నా ఎక్కువగా, ఇక ఈ గొడవ వదిలిపోతుందన్న తేలికదనమే ఉంది. అలిసిపోయిన మనిషికి ఆ తేలికదనం చాలా రుచిగా ఉంటుంది.

సాయంత్రం తమ్ముడు కాగితం చూసి, నెత్తిన పాలు పోసినట్టు నవ్వాడు.

"ముప్పై ఏడు! విన్నావామ్మా? ముప్పై ఏడట!" అని అమ్మకు వినిపించాడు. తర్వాత కడుపునిండా అన్నం తిని, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "అక్కా, ఇది నాకు అర్థమయ్యేలా చెప్పు. రేపు మేనేజరు ఇదేంటి, అదేంటి అని అడిగితే నేను నీళ్ళు నమలకూడదు కదా."

"కాగితం ఇచ్చెయ్. చాలు."

"లేదక్కా, చెప్పు. ఒక్కసారి."

చిన్నప్పుడు ఈ మాట కోసం ఆవిడ ఎన్ని సాయంత్రాలు ఎదురుచూసిందో లెక్కలేదు. అప్పుడు వాడు పుస్తకం మూసి పారిపోయేవాడు. ఇప్పుడు వాడు వదలడం లేదు, ఆవిడ పారిపోవాలని చూస్తోంది.

చివరికి రెండు డబ్బాలు తెచ్చింది. పౌడరు డబ్బా వ్యాను, బియ్యం కొలిచే డబ్బా ట్యాంకరు. "బరువునీ వేగాన్నీ గుణిస్తే వచ్చేది ద్రవ్యవేగం. గుద్దక ముందు ఎంత ఉందో, గుద్దిన క్షణంలో అంతే ఉంటుంది. ఎక్కడికీ పోదు. నీ దగ్గరున్నది అవతలివాడికి కూడా పంచుతావు, అంతే," అంది. ఇన్నేళ్ళ అలవాటు కదా, మనసు లేకపోయినా నోరు చక్కగానే చెప్పింది.

వాడు పౌడరు డబ్బాను తోసి పెద్ద డబ్బాకు ఆనించాడు. రెండిటినీ కలిపి కొంచెం ముందుకు జరిపాడు. వెనక్కి లాగి, మళ్ళీ తోశాడు. తర్వాత కాగితం మీద వేలు పెట్టి ఒక్కో గీతా చదువుకుంటూ వచ్చాడు.

"ఇక్కడ మూడు వేలే వేశావేంటి?"

ఆవిడ డబ్బాలు తీసెయ్యబోయింది.

"గుద్దాక రెండూ కలిసే జారాయి కదక్కా. మన బండి బరువేది?"

మూడుసార్లు తప్పినవాడు. ఆ ప్రశ్న ఇంకెప్పుడు అడిగినా ఆవిడ సంతోషంతో కళ్ళనీళ్ళు పెట్టుకునేది. వాడు పెన్సిలు తీసుకుని మూడు వేలు కొట్టేసి ఐదు వేలు వేశాడు. ఏడుతో గుణించాడు, రెండు వేలతో భాగించాడు, నాలుక కొరుక్కుంటూ కిలోమీటర్లలోకి మార్చాడు. జవాబు చూసి పెన్సిలు కింద పెట్టేశాడు.

అమ్మ బట్టలు మడతపెట్టడం ఆపింది.

"అరవై ఐదు," అన్నాడు.

"అరవై మూడు వచ్చింది," అంది ఆవిడ మెల్లగా.

"మీటరు మీద అరవై ఐదు చూశాను. బ్రేకు మీద కాలు పడేసరికి దగ్గరకొచ్చేశాను. లైటు కూడా వేసే ఉంది వాడిది."

ఆవిడకు కోపం రావాల్సింది. కోప్పడే ఓపిక కూడా లేక గోడకు చేరబడింది. "తెలిసి నన్నెందుకు అడిగావురా?"

"నువ్వేసిన లెక్క ఎప్పుడూ తప్పు కాదు కదక్కా. ముప్పై ఏడని నీ చేత్తో రాసిస్తే, నేను చూసిందే తప్పేమో అనిపించింది. ఈ గంట సేపూ నిజంగానే నేనేం చెయ్యలేదనుకున్నాను." వాడు కాగితాన్ని బోర్లా పెట్టాడు. "వారం రోజుల తర్వాత ఇవాళే అన్నం సయించింది."

నేను అబద్ధం రాశాను, నీకోసమే రాశాను, అని ఆవిడ అనబోయింది. కానీ అది వాడికి అప్పటికే తెలుసు. ఆవిడ ముఖం చూడలేక డబ్బాల వంక చూస్తున్నాడు. వాడికి ఉద్యోగం పోతుందన్న బాధ కన్నా, తన మూలంగా అక్క తప్పు లెక్క కింద సంతకం పెట్టిందన్న బాధే ఎక్కువగా ఉందని ఆవిడకు అర్థమైంది. అది మాత్రం ఆవిడ తట్టుకోలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అమ్మ ఇద్దరినీ చూసి, మడతపెట్టిన బట్టలు లోపలికి తీసుకెళ్ళింది.

"ఇంకో తెల్ల కాగితం ఇవ్వు," అన్నాడు తమ్ముడు. "లెక్క నువ్వు చెప్పు. నేను రాస్తాను."

ఆవిడకు చెప్పాల్సిన అవసరం రాలేదు. వాడు ముందుకు వంగి, చిన్నపిల్లాడిలా ఒక్కో అక్షరం ఒత్తి పెట్టి రాసుకుపోయాడు. వ్యాను బరువు రెండు వేల కిలోలు. ట్యాంకరు బరువు మూడు వేల కిలోలు. ట్యాంకరు లైటు వెలుగుతోంది. వ్యాను నడిపింది నేను.

అక్షరాల గుణింతాలు రెండు చోట్ల తప్పాడు. వాటిని దిద్దడానికి ఆవిడకు చేతులు రాలేదు.