రజో పండక్కి ముందురోజు పగలగొట్టిన పొయ్యి

కూర్చోండి, కూర్చోండి. వెనకున్నవాళ్ళు ముందుకు జరగండి, ముందున్నవాళ్ళు మోకాళ్ళు ముడుచుకోండి. ఆ మూల గుసగుసలు ఆపితే నేను కథ మొదలుపెడతాను, ఆపకపోతే మీ ఇంటి కథే అందరికీ చెప్పేస్తాను. కిళ్ళీ నమిలేవాళ్ళు నమలండి గాని చప్పుడు కాకుండా నమలండి. ఇది మా నిమాపడాలో, మా పక్కింట్లో, నా రెండు కళ్ళ ముందర జరిగింది. ఇందులో ఒక్క అబద్ధం ఉన్నా నా నాలుక మీద బొబ్బ లేవాలి. ఇప్పుడున్న బొబ్బలు వేరే కథలవి.

మా పక్కిల్లు గోలఖ అన్నది. ఆయన భార్య కుంతల వదిన. ఆయన తల్లి నిశామణి ముసలమ్మ, కొడవలిలా వంగిపోయిన మనిషి. అప్పటికి మా వీధిలోకి గ్యాస్ బండలు రాలేదు. అందరివీ కట్టెల పొయ్యిలే, అన్నీ నేల మీదే.

అందరి వంటిళ్ళూ నలుపే గాని, వాళ్ళ వంటిల్లు నలుపుకి పుట్టిల్లు. ఒకసారి గుమ్మడికాయ తొక్కల కోసం మా నల్లమేక అందులోకి దూరింది. ఇక దొరకలేదు. వదిన పిలుస్తుంది, అది అరుస్తుంది, చెయ్యి చాపితే గోడే తగులుతుంది. చివరికి ఎవరో జోకు వేస్తే మేక నవ్వింది, పళ్ళు కనబడ్డాయి, పట్టుకున్నాం. కిటికీ అన్నది లేదు ఆ గదికి. బయటికి పోయే దారి లేక పొగ కూడా ఆ ఇంట్లోనే కాపురం పెట్టింది. రేషన్ కార్డులో దాని పేరు ఎక్కలేదు, అంతే.

ఆ పొగలో చిన్న పీట మీద గొంతుకూర్చుని వదిన తెల్లారిన దగ్గరనుంచి వండేది. వండటం ఒక ఎత్తు, లేవటం ఒక ఎత్తు. పాలవాడి గంట వినబడగానే ఆమె లేవటం మొదలుపెట్టేది. గోడ పట్టుకుని, మోకాలు పట్టుకుని, దేవుణ్ణి పట్టుకుని నిటారుగా నిలబడేసరికి పాలవాడు వీధంతా పోసేసి, ఇంటికెళ్ళి, స్నానం చేసి పడుకునేవాడు. వాళ్ళ పాలు మా ఇంటి గోడ మీద పెట్టిపోతే మూడొంతులు పిల్లులు తాగాయంటే కారణం అదే.

కాపురానికొచ్చిన కొత్తలోనే వదిన అడిగింది. "నడుమెత్తున ఒక గట్టు కట్టించండి. దాని మీద పొయ్యి పెట్టుకుని నిలబడి వండుకుంటాను. గోడకో కిటికీ, కాస్త సున్నం. ఇంకేటీ అడగను."

గోలఖ అన్న కాదనే మనిషి కాదు. "చేయిద్దాం," అన్నాడు. దోల పున్నమి వెళ్ళాక అన్నాడు. రథయాత్ర వెళ్ళాక అన్నాడు. దసరా వెళ్ళాక, కార్తీకం వెళ్ళాక అన్నాడు. మా ఒడియా వాళ్ళకి పండగలకి కరువా. వదిన జుట్టు నెరిసింది గాని పండగలు అయిపోలేదు.

ముసలమ్మదైతే ఒకటే మాట. "పొయ్యి ముందర కూర్చోవాల. నిలబడి వండిన అన్నం కడుపులో ఆగదు, కాళ్ళలోకి దిగిపోద్ది."

"దిగేది నడుం మీదుగానే కదత్తా దిగాల. పోతూ పోతూ ఆ నొప్పిని కూడా తీసుకుపోతాదేమో," అనేది వదిన. అని, మళ్ళీ ఊదుగొట్టం అందుకునేది.

ఆ ఏడు వాళ్ళమ్మాయి ఝునుకి పెళ్ళయింది. పెళ్ళయ్యాక వచ్చే మొదటి రజో పండక్కి అల్లుణ్ణి పిలవాలి. పిలిచారు. పిలిచిన తర్వాత గోలఖ అన్న వంటింటి గుమ్మంలో నిలబడి, అల్లుడి కళ్ళతో లోపలికి చూశాడు. ఏమీ కనబడలేదు. అదే ఆయన్ని భయపెట్టింది.

పండక్కి ముందురోజు పొద్దున్నే భ్రమర మేస్త్రిని పట్టుకొచ్చాడు. "ఇప్పుడు గునపం వేస్తే పొద్దు వాలేసరికి గట్టు మీద టీ పెట్టుకోవచ్చు," అన్నాడు మేస్త్రి. ఆ మేస్త్రి మాట మీద ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఇంకా చెట్ల కిందే ఉన్నారని ఊరందరికీ తెలుసు.

వదిన చేతిలో పప్పు చేట దింపి, "రేపటినుంచి రజో. మట్టి ముట్టుకోకూడదు. పండగ వెళ్ళాక మొదలెడితే పోదా?" అంది.

"ఇన్నాళ్ళూ చేయించలేదని ఏడిచావు. ఇప్పుడు చేయిస్తుంటే ఆపుతావు. మీ ఆడవాళ్ళని మెప్పించాలంటే బ్రహ్మ దిగిరావాల."

"నేనేటీ అనలేదు," అంది వదిన. గిన్నెలన్నీ ఒక్కొక్కటే పెరట్లోకి మోసుకుంది.

గునపం పడింది. పొయ్యి పగిలింది. నేల తవ్వారు, గోడకి కిటికీ కన్నం కొట్టారు, మసి గీకారు. ఆ మసిని వంకాయ పాదుల్లో పోస్తే, ఆ ఏడు వంకాయల విత్తనాలు కూడా నల్లగానే కాశాయి. సున్నం వేయటం తేలిక కదా అని మేస్త్రి ముందు గోడలకి సున్నం కొట్టేశాడు. అంతే, తలుపు తెరిచినప్పుడల్లా తెల్లారిందనుకుని మా కోడిపుంజు కూసేది. మధ్యాహ్నానికి దాని గొంతు పోయింది.

గట్టు మొదలుపెట్టే వేళకి మేస్త్రి పెళ్ళాం వచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని, "కొబ్బరికాయ ఎవడు కోరతాడు? బెల్లం ఎవడు తెస్తాడు? మీ తాతా? రేపట్నుంచి నేను పని ముట్టను, తెలుసా?" అంది. "ఇదిగో, ఒక్క గడియలో వచ్చేస్తాను," అని మేస్త్రి తాపీని నేలలో కసుక్కున గుచ్చి, ఆమె వెనకాల వెళ్ళిపోయాడు. పొద్దు వాలింది. మేస్త్రి రాలేదు. తెల్లారితే రజో. ఇక భూదేవి ముట్టు రోజులు. నాగలి దించకూడదు, గునపం వేయకూడదు, పుల్లతో గీత కూడా గీయకూడదు. భూదేవితోపాటు ఆడవాళ్ళకీ సెలవు. నూరటం, దంచటం, వండటం, ఏదీ లేదు. ఉయ్యాల ఊగటం, కిళ్ళీ వేసుకోవటం, అంతే.

ఆ సాయంత్రం వదిన పొడపిఠా పిండి మా ఇంటికి తెచ్చుకుంది. పొయ్యి లేకపోతే ఆ రొట్టె ఎక్కడ కాలుస్తుంది పాపం. ఆకులో చుట్టి మా నిప్పుల్లో పూడ్చాం. అది కాలేదాకా చూస్తానని గోడకి చేరబడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, మనిషి మాత్రం నిద్రపోయింది. ఈగ వాలినా రెప్ప కొట్టలేదు.

తెల్లారాక అందరం తాపీ చుట్టూ చేరాం. పెద్ద చిక్కు వచ్చిపడింది. మా వీధి ఉద్ధవుడు, ఎవరింట్లో ఇటుక కదిలినా చూడటానికొచ్చే మనిషి, గడ్డం గోక్కుని, "గుచ్చి ఉంచితే భూదేవికి నొప్పి. పీకినా నొప్పే," అన్నాడు.

"అయితే ఏటి చేద్దాం?"

"భూదేవినే అడగాల."

ముసలమ్మ అందరినీ తోసుకుని వచ్చి, తాపీ మొదట్లో ఇంత పసుపు ముద్ద అద్దింది, పుండుకి అద్దినట్టు. "మేస్త్రి వచ్చినదాకా ఇలాగే ఉంటది. కాలు తగలకుండా నడవండి," అంది.

సరిగ్గా అప్పుడే ఝునుని వెంటబెట్టుకుని అల్లుడు వచ్చాడు. ఇస్త్రీ పంచె, కొత్త గొడుగు. తెల్లటి వంటిల్లు, నడుమ గొయ్యి, గొయ్యి ఒడ్డున పసుపు పూసిన తాపీ. అది ఈ ఇంటి దేవుడేమోనని గొడుగు పక్కన పెట్టి దణ్ణం పెట్టాడు. మేం నవ్వు ఆపుకున్నాం గాని ఉద్ధవుడు ఆపుకోలేకపోయాడు. గోలఖ అన్న మొహం వేరే రంగుకి తిరిగింది.

"నేను ముందే చెప్పాను," అంది ముసలమ్మ.

"పండగ వెళ్ళగానే ఎక్కడున్న పొయ్యిని అక్కడే పెట్టించేస్తాను. గట్టూ వద్దు, గిట్టూ వద్దు," అన్నాడు అన్న, అందరికీ వినబడేలా.

పనస చెట్టుకి కట్టిన ఉయ్యాల మీద కూర్చున్న వదిన కూడా విన్నది. కాళ్ళకి పోకచెట్టు పట్టతో చేసిన చెప్పులు, నేల తగలకుండా. "సరే," అంది. ఆ సరేలో కోపం లేదు. కోపానికి కూడా ఓపిక కావాలి కదా. కూతురు ఒక్క ఊపు ఊపింది, వదిన అలాగే నిద్రపోయింది. ఆ ఒక్క ఊపుకి ఉయ్యాల పొద్దు వాలేదాకా ఊగింది. ఆమె ఊపిరి బరువుకే ఊగిందని నా లెక్క.

మరి వంట? మగవాళ్ళు వండాలి. అల్లుడు అతిథి, వాడితో చేయించకూడదు. మిగిలింది గోలఖ అన్నే. గొయ్యి పక్కన ఇటుకలు పేర్చి, గొంతుకూర్చుని డాల్మా, అదే మా కూరగాయల పప్పు, మొదలుపెట్టాడు. తొలకరి జల్లుకి కట్టెలు తడిసి ఉన్నాయి. కొత్త కిటికీలోంచి పొగ బయటికి వెళ్ళింది, కాసేపు అటూ ఇటూ చూసింది, ఎవరూ తెలిసినవాళ్ళు లేరని మళ్ళీ లోపలికే వచ్చేసింది.

అల్లుడు మంచివాడు. తినటంలో ఇంకా మంచివాడు.

"మావయ్యా, కాస్త పప్పు."

అన్న లేస్తాడు. సగం లేచేసరికి, "మావయ్యా, కాస్త అన్నం."

మళ్ళీ కూర్చుంటాడు. "మావయ్యా, ఆ వడియాల పొడి ఎక్కడ?"

మొదటి రోజు గోడ పట్టుకుని లేచాడు. రెండో రోజు అల్లుణ్ణి పట్టుకుని లేచాడు. మూడో రోజు లేవలేదు. వంటింట్లోంచి నాలుగు కాళ్ళ మీద వచ్చాడు. మా మేక ఆయన్ని చూసి పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. అరుగు మీద బోర్లా పడుకుని, "కుంతలా," అన్నాడు.

"ఊ."

"రోజూ ఇంతేనా?"

"ఇప్పుడు ఐదుగురికేగా వండారు. కోతల రోజుల్లో కూలీలకి కూడా వండాల," అంది వదిన కళ్ళు తెరవకుండానే.

పండగ వెళ్ళిన మర్నాడు భూదేవికి స్నానం. ఆడవాళ్ళు పెరట్లో రుబ్బురోలునే భూదేవి అనుకుని నీళ్ళు పోసి, పసుపు రాసి, సిందూరం పెట్టి, పువ్వులు పెట్టారు. ఆ పూజ కాగానే ఆవలించుకుంటూ భ్రమర మేస్త్రి వచ్చాడు. ఒక్క గడియ అయినట్టే, ఏమీ ఎరగనట్టు, "ఊ, పొయ్యి ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు.

"కిందే," అంది ముసలమ్మ.

"అత్త చెప్పినట్టే కానీ," అంది వదిన. అని, పెరట్లోని గిన్నెలు లోపలికి మోయటానికి ఒంగింది. ఇక ఆ జన్మకి గట్టు లేదని ఆమె నమ్మేసింది. మాకూ అలాగే అనిపించింది.

గోలఖ అన్న ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. నిలబడ్డాడంటే వంగే ఉన్నాడు. ముసలమ్మా వంగే ఉంది. ఎప్పుడూ నిటారుగా ఉండేవాడికి తల్లి తెల్లజుట్టే కనబడేది. ఇప్పుడు మొహంలో మొహం పడింది. ఎన్నేళ్ళ తర్వాతో ఆయన వాళ్ళమ్మ మొహం చూశాడు. చాలాసేపు చూశాడు.

"అమ్మా, అన్నేళ్ళు వండావు. ఎలా లేచేదానివే?"

"లేచానని నీకెవడు చెప్పాడురా?" అంది ముసలమ్మ. "కొన్నాళ్ళు లేచాను. ఒకనాడు లేద్దామంటే నడుం రాలేదు. పొయ్యి మీద కూర ఉంది. అలాగే తిరిగాను. ఇప్పటికీ అలాగే తిరుగుతున్నాను."

మేమంతా వయసుకి వంగిందనే అనుకునేవాళ్ళం. మేస్త్రి ఆవలింత సగంలో ఆగిపోయింది.

"మరి తెలిసుండీ పైన కట్టనివ్వవేం?"

ముసలమ్మ చీర చెంగు సర్దుకుంది. "పైన పెడితే గిన్నెలో ఏముందో నాకు కనబడదు. మీ మొహాలు ఎలాగూ కనబడవు. ఈ ఇంట్లో నాకు కనబడేది ఆ గిన్నె ఒక్కటే," అంది.

వదిన చేతిలో గిన్నెలు కింద పెట్టింది. వచ్చి, చాలా నెమ్మదిగా, "భ్రమరా, గట్టు నా నడుమెత్తునే కట్టు. దాని ముందర వెడల్పుగా ఒక మెట్టు కట్టు. అత్త ఎక్కి చూసుకుంటది," అంది.

"నేను ఎక్కలేను," అంది ముసలమ్మ.

"నేను ఎక్కిస్తాను."

"రోజూ ఎక్కిస్తావా?"

"రోజూ వండుతున్నాను కదత్తా. దాంతోపాటు ఇదొకటి."

ముసలమ్మ ఆలోచించింది. "మెట్టు జారకుండా కట్టమను. వాడి పనితనం నాకు తెలుసు," అంది.

"నడుమెత్తంటే అన్న నడుమెత్తా, వదిన నడుమెత్తా?" అన్నాడు మేస్త్రి.

"నాది వదిలెయ్. అది ఇప్పుడు మోకాళ్ళ దగ్గరుంది," అన్నాడు గోలఖ అన్న.

కట్టారు. తడి ఆరాక ఒక పొద్దున వదిన గట్టు మీద పొయ్యి వెలిగించింది. వీధి వీధంతా చూడటానికి వచ్చింది. అన్నం పెట్టి, పప్పు పెట్టి, ఆమె నిలబడింది. ఏం చెయ్యాలో తోచనట్టు రెండు మోచేతులూ గట్టు మీద ఆన్చి, గడ్డం చేతుల్లో పెట్టుకుని, ఆ మంటకేసి చూస్తూ ఉండిపోయింది. సంతోషంగా ఉందా వదినా అని అడిగాను. "కాళ్ళు నొప్పెడుతున్నాయి," అంది. కాసేపాగి, "కొత్త నొప్పి. బాగుంది," అంది.

తర్వాత అత్తని చంకల కింద పట్టుకుని మెట్టెక్కించింది. ముసలమ్మ గిన్నెలోకి చూసింది. కోడలి మొహమూ ఆ పక్కనే కనబడింది, అదీ చూసింది. "పసుపు తక్కువేశావు. చిక్కిపోయావు కూడా," అంది. అత్త చేతికి వదిన గరిటె ఇచ్చింది.

కిటికీలోంచి తల దూర్చిన ఉద్ధవుడు గట్టుని మీదా కిందా చూసి, తల ఊపి అన్నాడు: "మంచి పని చేశార్రా. ఈసారి వరదొస్తే మనమంతా మునిగిపోయినా పొయ్యి మునగదు. వేడివేడిగా వండుకు తినొచ్చు."