గంగొళ్ళి వీధుల్లో చేపల కేక

మా నాన్నమ్మ, అజ్జికి గొంతులో పుండు పడింది. నెల రోజులు నోరు విప్పకూడదని కుందాపురం డాక్టరు చెప్పాడు. సరిగ్గా అప్పుడే గంగొళ్ళిలో ఒకతను స్కూటరు మీద చేపలు తేవడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్లుగా అజ్జి తిరిగిన వీధులు ఈ నెలలో చేజారితే మళ్లీ రావు. అందుకని బుట్ట నేనెత్తుకున్నాను.

అజ్జి కేకలో చేప పేరుండదు. "మీనో" అంటుంది, అంతే. చివర పైకి లేపి సాగదీస్తే బంగుడె, కిందికి జార్చి తుంచేస్తే బూతాయి. వంటింట్లో ఆడవాళ్లు ఆ చివర వినే మసాలా నూరడం మొదలుపెడతారు.

నేను ఏడేళ్లు ఉడుపి హాస్టల్లో ఉండి చదివాను. అక్కడ నా మాట తీరుకు అందరూ నవ్వుతుంటే కొద్దికొద్దిగా దాన్ని వదిలేశాను.

మొదటి రోజు బంగుడె దొరికింది. దారి పొడుగునా అజ్జి కేకను లోలోపలే అనుకుంటూ నడిచాను. తీరా నోరు తెరిస్తే, లేవాల్సిన చోట గొంతు లేవలేదు. బస్టాండు మైకులా సాపుగా వచ్చింది. ఎదురింటి కిటికీ మూసుకుంది. సర్వేవాళ్లొచ్చారు, ఇంట్లో లేమని చెప్పమని లోపల ఎవరో గుసగుసలాడారు. రెండో వీధిలో ఒకామె గిన్నెతో గేటు దాకా వచ్చింది. బూతాయి అనుకుని మసాలా నూరేశానని విసుక్కుంటూ వెనక్కి పోయింది.

ఎండెక్కుతోంది. బుట్టలో ఐసు కరిగి మెడ మీదుగా కారుతోంది. స్కూటరు హారన్ ఒకసారి వెనక వీధిలో, ఒకసారి ముందు వీధిలో వినిపిస్తోంది. మలుపుకొక రకంగా అరిచాను. ఏదీ అజ్జిది కాలేదు.

అజ్జి దగ్గర మొదటి నుంచీ చేపలు కొనే పద్దజ్జి అరుగు మీంచి చెయ్యూపింది.

"సూరక్క మనవరాలివా? దూడ తప్పిపోయినదానిలా ఆ అరుపేమిటే?"

"అజ్జిలా రావట్లేదు, పద్దజ్జీ."

"వాళ్లత్తలా మీ అజ్జికి మాత్రం వచ్చిందా? మరవంతె నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో అది కేకేస్తే, మేకను తరుముతోందని మా ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లం. వాళ్లత్త కేక పాటలా ఉండేది. ఇప్పుడు నన్ను పాడమంటే ఒక్క ముక్క గుర్తు లేదు."

మరి అజ్జి కేకకు ఎలా అలవాటు పడ్డారని అడిగాను.

"రోజూ వచ్చేదిగా. చెవులు ఎన్నాళ్లని మొండికేస్తాయి?" అంటూ నాలుగు బంగుడెలు ఏరుకుని లోపలికెళ్లింది.

తర్వాతి వీధిలో అజ్జి కోసం వెతుక్కోవడం మానేశాను. నాకున్న సాపు గొంతుతోనే, సూరక్క మనవరాలినని, బంగుడె తెచ్చానని విడమరిచి కేకేశాను. మేడ మీద ఇద్దరు పిల్లలు నన్ను అనుకరించి పకపకా నవ్వారు. వాళ్లమ్మ పళ్లెంతో బయటికొచ్చింది. అదే క్షణంలో మలుపులో హారన్ మోగింది. ఆమె గేటు మీద చెయ్యేసి, ఒకసారి నా వైపు, ఒకసారి మలుపు వైపు చూసింది.

 ఇంకోసారి కేకేశాను, అదే గొంతుతో, ఇంకా గట్టిగా.

ఆమె ఒక అడుగు నా వైపు వేసింది.